పిడి పలక



మా బాపు వడ్ల పని చేసేవాడు. శామీర్‌పేట చెరువు కింద పొలాలున్న రైతులకు నాగళ్లు, గుంటకలు, బండి చక్రాలు ఆయన చేతి మీదుగానే పోయేవి. కమ్మరి కొలిమి నుంచి వచ్చిన కొడవలికి పిడి దిగ్గొట్టేది, గొడ్డలికి కామ ఎక్కించేది కూడా ఆయనే. పనిముట్టు చెడిందని ఎవరైనా తెస్తే ముందు ఇనుము వైపు చూసేవాడు కాదు. పిడిని చేతిలోకి తీసుకుని నిదానంగా తిప్పేవాడు. ఎక్కడ నునుపెక్కింది, ఎక్కడ గుంట పడింది, ఎక్కడ చెమటకు నల్లబడింది, అన్నీ చూసేవాడు. పట్టిన మనిషిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో ఆ పిడిని చూసే చెప్పేవాడు. "ఇనుము కమ్మరోనిది, పిడి పట్టెటోనిది" అనేవాడు.

ఈ మాట నాకు ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఓ పాత పిస్తోలు. దాని పిడికి తొడిగిన పలక విరిగితే బాగు చెయ్యాల్సి వచ్చింది. ఆ పని గురించే ఈ పూట మీతో మాట్లాడతాను.

పిస్తోలు పిడి బాగు చేసుకోవడం ఎంతమందికి పనికొచ్చే సంగతి అని మీకు అనిపించవచ్చు. కానీ మా ప్రాంతం సంగతి కొంచెం వేరు. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలిసింది. తర్వాత దానికి ఉత్తరాన బొల్లారంలో హైదరాబాద్ కంటింజెంటు అనే సైన్యం మకాం వేసింది. 1903లో ఆ దళాలను బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. బొల్లారం తెల్లదొరల ఊరు. అక్కడి నుంచి నాగపూర్ దారి పట్టుకుంటే మేడ్చల్, కరీంనగర్ దారి పట్టుకుంటే శామీర్‌పేట. దొరల దగ్గర గుమాస్తాలుగా, గుర్రాల కాపర్లుగా, గుత్తేదార్లుగా పని చేసిన కుటుంబాలు ఈ దారుల పొడుగునా ఉన్నాయి. దొరలు వెళ్లిపోతూ అమ్ముకున్న సామాను కొన్ని ఇళ్లలో నేటికీ ఉంది. కుర్చీలు, గడియారాలు, దీపపు స్తంభాలు ఉన్నాయి. ఎక్కడో ఒక ఇంట్లో బీరువా అడుగు అరలో, లైసెన్సు పుస్తకం పక్కన, ఓ పిస్తోలు కూడా ఉంటుంది.

నిరుడు వానాకాలంలో మేడ్చల్ నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. నాకు పెద్దబాపు వరస. జేబులోంచి రుమాలు తీసి మూట విప్పాడు. అందులో నల్లగా మూడు ముక్కలున్నాయి.

"నువ్వు చెక్క పని చేస్తవు గద బిడ్డా, వీటిని అతికిస్తవా?" అని అడిగాడు.

ఒక ముక్క చేతిలోకి తీసుకుని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశాను. అగ్గిపుల్ల గీసినప్పటి వాసన సన్నగా తగిలింది.

"పెద్దబాపూ, ఇది చెక్క కాదు. రబ్బరు," అన్నాను.

ఆయన నమ్మలేదు. డెబ్బై ఏళ్లుగా చూస్తున్నాడు దాన్ని. వాళ్ల నాయన దసరానాడు జమ్మి దగ్గరికి పోయి వచ్చాక పూజలో పెట్టేవాడట. రాయిలాగా గట్టిగా ఉండే ఆ వస్తువు రబ్బరంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

ఆ పిస్తోలు ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ తయారు చేసింది, పాయింట్ 32 బోరుది. ఆ కోవ పిస్తోలునే 1911లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు తమ సిబ్బందికి ఎంచుకున్నారు. పిడికి రెండు వైపులా నల్లని పలకలు, చేతిలోంచి జారకుండా వాటి మీద సన్నని గళ్ల చెక్కడం. బీరువా అరలోంచి జారి గచ్చు మీద పడ్డప్పుడు ఎడమ పలక కింది మూల పగిలింది. రెండు ముక్కలు దొరికాయి, చిటికెన వేలి గోరంత మూడో ముక్క దొరకలేదు. రుమాలులో మూడోదిగా ఉన్నది పగలని కుడి పలక. జత చూసుకోవడానికి పనికొస్తుందని తెచ్చాడు. ఆ తెలివికి ఆయనను మెచ్చుకోవాలి.

పిస్తోలును ఆయన నా దగ్గరికి తేలేదు, నేనూ తెమ్మనలేదు. ఈ విషయం అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి. 1959 నాటి ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులు తయారు చెయ్యడమే కాదు, మరమ్మతు చెయ్యడం కూడా నేరమే. అందుకని పెద్దబాపు ముందు లైసెన్సున్న తుపాకుల దుకాణానికి పోయాడు. వాళ్లు పిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, మర విప్పి, పలకలు తీసి ఆయన చేతికిచ్చారు. నేను ముట్టుకున్నది ఆ పలకలనే. బిగించడం మళ్లీ వాళ్ల పనే. యంత్రంలో ఒక్క స్ప్రింగు జోలికి కూడా నాలాంటివాడు పోకూడదు. మీ ఇంటి పక్క వడ్రంగి ఎంత పనివాడైనా సరే, తుపాకీని తీసుకెళ్లి అతని బల్ల మీద పెట్టకండి.

అదే చట్టంలో 45వ సెక్షన్ ఒకటుంది. పాతబడి వాడుక పోయినదో, పురాతన విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, మరమ్మతు చేసినా చెయ్యకపోయినా ఇక తుపాకీగా పనిచెయ్యని ఆయుధాలకు ఈ చట్టం వర్తించదని అది చెబుతుంది. "మా తాతది, వందేళ్లది, లైసెన్సు అక్కర్లేదు" అని చాలామంది ఈ సెక్షన్‌ను అడ్డం పెట్టుకుంటారు. అది తప్పు. పాతది కావడం ఒక్కటే చాలదు, అది పేలే వీలు అసలు ఉండకూడదు. పేలుతుందో లేదో తేల్చాల్సింది మనం కాదు. మన శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ పిల్లల్ని ఎవరిని అడిగినా ఈ తేడా విడమరిచి చెబుతారు. అనుమానముంటే కమిషనరేట్‌లో అడిగి తెలుసుకోండి. 2019లో చట్టాన్ని సవరించి ఒక మనిషి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. ఆ సంగతి కూడా వారసత్వపు ఆయుధాలున్నవాళ్లు మర్చిపోకూడదు.

ఇక పని సంగతి. కానీ దానికి ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. అది చెప్పకపోతే ఈ పనిలో నేను ఎందుకంత నిదానమో మీకు అర్థం కాదు.

మా అత్తగారింట్లో గోడ మీద ఓ చెకుముకి పిస్తోలు వేలాడుతూ ఉండేది. గొట్టం తుప్పు పట్టి పూడిపోయింది, మీట ఎన్నడో ఊడిపోయింది. వట్టి అలంకారం. దాని చెక్క మెడ దగ్గర సన్నగా చీరింది. నాకప్పుడు వేరే పనుల తొందర ఉండి, చీలిక అతికించి పెట్టమని నగరంలో ఒక పాలిష్ దుకాణంలో ఇచ్చాను. వారం తర్వాత తెచ్చుకుంటే అద్దంలా మెరుస్తోంది. చీలిక కనబడలేదు. కానీ దాంతోపాటు ఇంకేమీ కనబడలేదు. గరుకు కాగితం పెట్టి యంత్రం మీద రుద్దేశారు. చెక్క మీద ఎవరో గోటితో గీసినట్టున్న చిన్న పువ్వు పోయింది. మా మామ వాళ్ల తాత బొటనవేలు ఆని ఆని పడిన గుంట పోయింది. నా భార్య చిన్నప్పుడు ఆ గుంటలో తన వేలు పెట్టి ఆడుకునేదట. మెరుస్తున్న ఆ కొయ్యను చేతిలోకి తీసుకుని వేలితో వెతికి, దొరక్క, మళ్లీ గోడకు తగిలించేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు దుకాణం వాళ్లదని నేను అనుకోను. ఏం చెయ్యకూడదో చెప్పకుండా ఇచ్చినవాణ్ని నేనే.

గీతలు పోయి, మరకలు పోయి, వస్తువు నిన్న కొన్నట్టు కనబడాలని మనలో చాలామందికి ఉంటుంది. పెళ్లికి ఇల్లు సున్నం వేయించుకున్నట్టు పాత వస్తువుకూ చేయించాలనుకుంటాం. పాత పిడి విషయంలో అది బాగు చెయ్యడం కాదు, చెరిపెయ్యడం. ఇనుప భాగాన్ని యంత్రం చేసింది. ఆ ఏడాది అలాంటివే వేలకు వేలు వచ్చి ఉంటాయి. దాన్ని పట్టుకున్న మనిషి ఆనవాలు మిగిలేది పిడి మీదే. అరిగిన గళ్లు, చెమట మరక, ఉంగరం ఒరుసుకున్న గీత, ఇవన్నీ ఆ ఇంటి చరిత్ర. పాత ఆయుధాలు సేకరించేవాళ్లు కూడా కొత్త పలక తొడిగినదానికంటే పగిలి అతికిన అసలు పలక ఉన్నదానికే విలువ కడతారు.

అందుకే మొదట చెయ్యాల్సింది పలక దేనితో చేసిందో తెలుసుకోవడం. మందు దానిని బట్టే. సూది కాల్చి గుచ్చి చూడమని కొందరు చెబుతారు. ఆ పని చెయ్యకండి, అది కూడా ఒక గాయమే. చూపు, వేలు, ముక్కు చాలు. బొటనవేలితో రుద్దితే గంధకం వాసన వచ్చేది గట్టి రబ్బరు. ఘాటైన మందుల వాసన వస్తే బేకలైట్. 1907లో లియో బేక్లాండ్ కనిపెట్టిన తొలి కృత్రిమ ప్లాస్టిక్ అది, తర్వాతి కాలపు పిస్తోళ్లకు ఎక్కువగా వాడారు. గేదె కొమ్ముకు పొరలు పొరలుగా చారలుంటాయి, వెలుతురుకు పెడితే అంచు గోధుమ రంగులో మెరుస్తుంది. ఎముకలో సూది మొనల్లాంటి నల్ల చుక్కలు కనబడతాయి. ఏనుగు దంతంలో ఆ చుక్కలుండవు, అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నని వంపు గీతలుంటాయి. చెక్క అయితే చాలావరకు అక్రోటు. మన కత్తుల పిడుల్లోకి ఇరుగుడు చేవ, తునికి చేవ కూడా వచ్చాయి. తునికి అంటే మనకు బీడీ ఆకే గుర్తొస్తుంది కానీ, ముదిరిన తునికి మాను లోపలి నల్ల చేవ అచ్చంగా ఎబొనీ.

పెద్దబాపు తెచ్చింది గట్టి రబ్బరు, అంటే ఎబొనైట్. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది ఎండకు కరగని, చలికి పగలని వస్తువవుతుందని కనుక్కున్నాడు. గంధకం కొద్దిగా వేస్తే బండి టైరు. మూడో వంతు దాకా వేసి గంటల తరబడి ఉడికిస్తే ఎబొనీ చెక్కలాంటి నల్లని గట్టి పదార్థం. దాని మీద అతని తమ్ముడు నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో పేటెంటు తీసుకున్నాడు. అచ్చులో పోసినట్టు ఒత్తితే గళ్లు, పూలు, అక్షరాలు అన్నీ దిగుతాయి. ఒక్కొక్కటిగా చెక్కాల్సిన పని లేదు. అందుకే తుపాకుల కంపెనీలు దాన్ని పట్టుకున్నాయి.

ఈ పదార్థం మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం గారు చేసిన స్వదేశీ కలం ఎబొనైట్‌దే. 1935లో గాంధీజీ ఆ కలం అందుకుని ఆయనకు ఉత్తరం రాశారు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, చేత్తో కలం చేసేవాళ్లున్నారు. మన ఇళ్లలో నాయనలు, తాతలు జేబుకు పెట్టుకున్న నల్ల కలాలు చాలావరకు ఈ జాతివే. పాత నల్ల కలం మూత ఎండ తగిలి మట్టిరంగుకు మారడం మీలో చాలామంది చూసి ఉంటారు. రబ్బరులోని గంధకం వెలుతురుకు, తేమకు బయటపడి చేసే పని అది. పిస్తోలు పలకకు కూడా అదే రోగం. పెద్దబాపు తెచ్చిన పలకల్లో ఒకటి కాస్త గోధుమ రంగుకు తిరిగింది, అరలో అది కిటికీ వైపు ఉండి ఉంటుంది.

ఇలాంటి పలకను సబ్బు నీళ్లలో నానబెట్టి కడగకూడదు. ఇది నేను ఒత్తి చెబుతున్నాను. మురికి పోతుందనుకుని ముంచితే, తీసేసరికి నలుపు పోయి మట్టి రంగు మిగులుతుంది. పొడి మెత్తని పళ్ల కుంచెతో గళ్ల మధ్య మట్టిని నెమ్మదిగా రాల్చాలి, అంతే. తుడవాల్సి వస్తే దాదాపు ఆరిన గుడ్డతో ఒక్కసారి తుడిచి వెంటనే పొడి గుడ్డ పెట్టాలి.

ఎబొనైట్ కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. మర గట్టిగా బిగిస్తే రంధ్రం చుట్టూ చీలుతుంది. ఎక్కువ పలకలు పగిలేది కింద పడి కాదు, విప్పేటప్పుడు. పలక కదలకపోతే ఇంట్లోవాళ్లు మర తీసేసి, అంచు కిందకు చాకు మొన దూర్చి ఎత్తుతారు. టక్కుమని మూల లేచిపోతుంది. లోపలి వైపు నుంచి చెక్క పుల్లతో మెల్లగా తోస్తే అదే బయటికి వస్తుంది. మర విప్పే తిప్పుడుకూ ఒక పద్ధతుంది. పాత మరల గాడి సన్నగా ఉంటుంది. మన ఇంట్లో ఉండే ఏటవాలు ముక్కున్న స్క్రూడ్రైవర్ అందులో సగం కూడా దిగదు, జారి పలకను గీరేస్తుంది. మొన అంతా ఒకే మందంలో ఉండి, గాడిలో నిండుగా కూచునేది కావాలి. తుప్పు పట్టి బిగుసుకుంటే గుండుసూది మొనతో ఒక్క చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్యాలి. తెల్లారేసరికి అదే దారికి వస్తుంది. ఈ రెండు మాటలూ దుకాణం అతను చెప్పినవే, ఆ పని చేసిన చేతులు అతనివే.

ముక్కలు అతికించడానికి నా మొదటి ఆలోచన సరేసు. జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే ఆ బంకను బాపు మట్టి కుండలో కాచేవాడు, ఇల్లంతా వాసన కొట్టేది. సరేసు గొప్పతనం ఏమిటంటే, వందేళ్ల తర్వాత కూడా గోరువెచ్చని నీళ్లు తగిలితే వదులుతుంది. నేను చేసిన పని బాగా లేకపోతే రేపు ఇంకొకడు విప్పి మళ్లీ చేసుకోవచ్చు. పాత వస్తువు ముట్టుకునేవాడికి ఈ వినయం ఉండాలి. కానీ సరేసు చెక్కను పట్టినట్టు ఎబొనైట్‌ను పట్టదు. చిటికెలో పట్టే జిగురు వాడదామని మా అబ్బాయి అన్నాడు. దానికి నేను ఒప్పుకోలేదు. అది అతికేలోపు ముక్కను సర్దుకునే వ్యవధి ఇవ్వదు. ఆరాక చీలిక చుట్టూ తెల్లని బూజులాంటి పొర లేస్తుంది, నల్ల పలక మీద అది ముగ్గు గీతలా కనబడుతుంది.

మ్యూజియం వాళ్లు ఇలాంటి చోట ప్యారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి వాడతారు. ఆరితే గాజులా తేటగా ఉంటుంది, మళ్లీ అసిటోన్ తగిలితే కరిగిపోతుంది. ముందు పలక లోపలి వైపు, కనబడని చోట, ఒక్క చుక్క వేసి రాత్రంతా చూశాను. ఏమీ కాలేదు. అప్పుడు పగిలిన అంచులకు పల్చగా పూసి, ముక్కలు కలిపి, దారంతో చుట్టి, ఇసుక పోసిన గిన్నెలో పలకను నిలబెట్టాను. ఇసుకలో నిలబెట్టడం బాపు చిట్కా. వంకర వస్తువును ఏ బిగింపు చట్రం పట్టలేదు, ఇసుక మాత్రం ఎటు కావాలంటే అటు పట్టుకుంటుంది.

ఇక దొరకని ఆ గోరంత ముక్క. దాని కోసమే నేను రెండు వారాలు తిరిగాను. అంత చిన్న చోట కొత్త ప్లాస్టిక్ ముక్క పెడితే రంగు కలిసినా మెరుపు కలవదు. చివరికి ఎబొనైట్ కలాలు లేతు పట్టే ఒకాయన గుర్తొచ్చాడు. ఆయన లేతు కింద రాలిన నల్ల పొడి చిటికెడు కాగితంలో కట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆ పొడిని నిదానంగా గట్టిపడే ఎపాక్సీలో కలిపి ముద్ద చేశాను. పాత అంచుకు, కొత్త ముద్దకు మధ్య బి-72 పొర ఒకటి ఉంచాను. ఎపాక్సీ కరగకపోయినా ఆ పొర కరుగుతుంది కనుక, కావాలంటే పూడిక మొత్తం ఊడి వస్తుంది.

గళ్లు ఎలా తేవాలి? చెయ్యి వణకకుండా అంత సన్నగా చెక్కడం నా వయసుకు సాధ్యం కాదు. పళ్ల డాక్టర్లు దవడ అచ్చు తీసే సిలికాన్ పుట్టీని, కుడి పలక మీద గళ్లు చెక్కుచెదరని చోట ఒత్తి అచ్చు తీశాను. ఎడమ పలక పూడిక ఇంకా మెత్తగా ఉండగానే గళ్ల గీతలు కలిసేలా చూసుకుని ఆ అచ్చును ఒత్తాను. మొదటిసారి గీత తప్పింది, గీకేసి మళ్లీ చేశాను. మూడోసారికి కుదిరింది. కానీ అచ్చు దిగిన గళ్లు కొత్తగా, పదునుగా ఉన్నాయి. చుట్టూ ఉన్నవి వందేళ్ల అరుగుదలవి. గోనె గుడ్డ ముక్కతో నాలుగు రోజులు, రోజూ కాసేపు రుద్ది వాటినీ కొంచెం అలిసేలా చేశాను. దగ్గరగా పెట్టుకుని చూస్తే ఎక్కడ పూడ్చానో ఇప్పటికీ తెలుస్తుంది. తెలియాలి కూడా. దూరం నుంచి కంటికి అడ్డు రాకుండా, దగ్గర నుంచి నిజం దాచకుండా ఉండే మరమ్మతే సరైనదని నా నమ్మకం.

చెక్క పిడులున్నవాళ్ల కోసం కూడా నాలుగు మాటలు. చెక్క పలకకు మొదటి శత్రువు చెయ్యి కాదు, నూనె. తుప్పు పట్టకూడదని ఇనుముకు ధారాళంగా నూనె పోసి నిలబెడితే, అది మెల్లగా కారి చెక్కలోకి ఇంకుతుంది. ఏళ్లు గడిచేసరికి చెక్క నల్లబడి, నానిన అటుకులా మెత్తబడుతుంది. అలాంటి చెక్కను ఏ బంకా పట్టదు. మెత్తని సుద్దపొడిని అసిటోన్‌తో ముద్దలా కలిపి పలకకు పట్టించి, ఆరాక దులిపితే సుద్ద గోధుమ రంగుకు తిరిగి నూనెను బయటికి లాగి ఉంటుంది. మూడు నాలుగుసార్లు చెయ్యాలి. ఆరుబయట, నిప్పుకు దూరంగా చెయ్యాలి, అసిటోన్ పెట్రోలు లాగా అంటుకుంటుంది. దెబ్బకు నొక్కుకుపోయిన చోట చెక్క ఎగిరిపోలేదు, కుంగింది. తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె మొనతో ఆవిరి పట్టిస్తే నార ఉబ్బి పైకి లేస్తుంది. ముక్క ఎగిరిపోతే, అదే జాతి, అదే వయసు చెక్క వెతికి, ఏటవాలుగా కోసి, చార కలిసేలా సరేసుతో అతకాలి. అక్రోటు మన దగ్గర పెరగదు. తుపాకుల దుకాణాల్లో పాత డబుల్ బ్యారెల్ మడమ చెక్కలు విరిగినవి మూలన పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. చివరగా ఉడికించిన అవిసె నూనె రెండే రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. వార్నిష్ వద్దు. గరుకు కాగితం అసలే వద్దు.

దంతపు పిడి మీ ఇంట్లో ఉంటే మాత్రం దయచేసి కొత్త దంతం కోసం వెతకకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో వచ్చిన సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం, 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారం నిషేధమయ్యాయి. పగిలిన చోట పూడ్చడానికి దంతం అవసరం కూడా లేదు. ఇలాంటి పిడులను ఎలా చూసుకోవాలో తెలియాలంటే ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ జహంగీరు బాకు, నూర్జహాను పండ్ల కత్తి జేడ్ రాతి పిడులతో ఉన్నాయి. జనం అంచుల పదును చూసి కదిలిపోతారు. మీరు కాసేపు పిడి దగ్గర ఆగండి. మన కోనసముద్రం ఉక్కు కత్తుల గురించి ప్రపంచమంతా రాసింది, ఉక్కు అనే మన మాటే ఇంగ్లీషులో వూట్జ్ అయిందంటారు. ఆ కత్తి అలుగును పిడిలో నిలబెట్టింది మాత్రం కరిగించి పోసిన లక్క. ఆ లక్క కాచినవాడి గురించి ఎవరూ రాయలేదు.

పెద్దబాపు పలకలు తీసుకెళ్లడానికి వచ్చిననాడు, వాటిని ఎలా ఉంచుకోవాలో చెప్పి పంపాను. పిస్తోలును తోలు సంచిలో పెట్టి మూసి ఉంచవద్దు. తోలు తేమను పట్టుకుంటుంది, ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుము పట్టిస్తుంది. పత్రిక కాగితంలో చుట్టవద్దు, ప్లాస్టిక్ కవరులో అసలే వద్దు. ఉతికి ఆరబెట్టిన పాత నూలు పంచె ముక్క చాలు. ఎండ తగలని అరలో ఉంచి, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, తీసి చూసుకోవాలి. ఎన్నికల కోడ్ వచ్చి ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో జమ చెయ్యాల్సి వస్తే పిడికి మెత్తని గుడ్డ దళసరిగా చుట్టి, పలకల ఫోటో తీసుకుని ఇవ్వాలి. రసీదులో పిడి పరిస్థితి కూడా ఒక వాక్యం రాయించుకోవాలి.

ఆయన పలకను కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. పూడిక మీద కాదు, పై అంచున గళ్లు పూర్తిగా అరిగి నున్నగా ఉన్న చోట ఆయన వేలు ఆగింది. "మా నాయన ఇక్కడ పట్టెటోడు," అన్నాడు. ఆ చోటును నేను ముట్టుకోలేదు.

శ్రోతలారా, మీ ఇంట్లోనూ పాత వస్తువులుంటాయి. పిస్తోలే కానక్కర్లేదు. తాత కత్తి కావచ్చు, అమ్మమ్మ కత్తిపీట కావచ్చు, నాయన కలం కావచ్చు. అది పగిలిన రోజున మీరు చెయ్యాల్సిన పని ఒకటే. చీపురు పట్టుకోకముందే నేల మీద వంగి, గోరంత ముక్కను కూడా వదలకుండా ఏరండి. ఒక అగ్గిపెట్టెలో వేసి, పైన తేదీ రాసి దాచండి. బాగు చేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు.